ఒంగోలు క్లౌ దొర: అమెరికా బానిసత్వపు ప్రశ్న మాదిగవాడకు వచ్చిన దారి

నేలకొండపల్లి పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కంచర్ల గోపన్న. పాల్వంచ తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండలో ఖైదు అనుభవించిన రామదాసు మా ఊరివాడే. ఆ గుడికి రాళ్లు మోసింది ఎవరో, సున్నం నూరింది ఎవరో కథలో ఉండదు. వాడల్లో పెరిగిన మాకు ఇంకో రకం కథ కూడా వినపడేది. దొర వచ్చాడు, బడి పెట్టాడు, మనల్ని మనుషుల్ని చేశాడు అని. ఈ కథలోనూ మోసినవాళ్ల పేర్లు ఉండవు.

మా ఖమ్మం వైపు పాత చర్చిలు చాలావరకు దోర్నకల్ మేత్రాసనానివి. వాటికీ ఒంగోలు బాప్టిస్టులకూ నేరుగా సంబంధం లేదు. కానీ దళితుల మతమార్పిడి మీద ఎక్కడ వాదన మొదలైనా చివరికి ఒంగోలు దాకా, జాన్ ఎవరెట్ క్లౌ దాకా పోతుంది. కరువులో గింజల కోసం మతం మారారన్న ఎత్తిపొడుపుకు ఉదాహరణగా చూపేది ఆయన కాలాన్నే. అందుకే ఆ మనిషి జీవితాన్ని ఒకసారి మొదటి నుంచి చూడాలి. ఆ మొదలు ఒంగోలులో లేదు, అమెరికాలో ఉంది.

క్లౌ పుట్టింది 1836 జూలై 16న, న్యూయార్క్ రాష్ట్రం పడమటి కొసన ఉన్న ఫ్రూస్‌బర్గ్ దగ్గర. అప్పటికి అమెరికా స్వతంత్ర దేశమై 60 ఏళ్లు. మనుషులంతా సమానమని రాసుకున్న ఆ దేశంలో దక్షిణాది పత్తి చేలన్నీ బానిసలతోనే నడుస్తున్నాయి. 1808లో ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని చట్టం ఆపింది గానీ, ఉన్నవాళ్లను, వాళ్లకు పుట్టిన పిల్లలను దేశం లోపల కొనడం, అమ్మడం ఆగలేదు. 1820లో మిస్సోరీ ఒప్పందంతో పడమటి భూముల్లో బానిసత్వం ఎక్కడిదాకా ఉండవచ్చో గీత గీశారు. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ నాయకత్వంలో బానిసలు తిరగబడ్డారు. టర్నర్‌ను ఉరితీశారు. నల్లవాళ్లకు చదువు చెప్పడం మీద దక్షిణాది రాష్ట్రాలు కట్టడి బిగించాయి. అక్షరం వస్తే తిరగబడతారన్న భయం మనకు కొత్త కాదు కదా.

ఇంకోవైపు 1830లో ఆండ్రూ జాక్సన్ ప్రభుత్వం ఆదివాసులను మిసిసిపీ నదికి పడమరకు తరిమే చట్టం చేసింది. 1838లో చెరోకీలను సైన్యంతో ఖాళీ చేయించి వందల మైళ్లు నడిపించారు. దారిలో వేల మంది చనిపోయారు. వాళ్లతో పాటు నడిచిన కొద్దిమంది తెల్లవాళ్లలో ఇవాన్ జోన్స్ అనే బాప్టిస్టు మిషనరీ ఒకడు. ఆయనకు జీతమిచ్చిన సంఘమే 1835లో శామ్యూల్ డే అనే యువకుణ్ణి తెలుగు నేలకు పంపింది. క్లౌ పుట్టిన ఏడాదే, ఆ పుట్టుకకు నాలుగు నెలల ముందు, డే విశాఖపట్నంలో దిగాడు. 1840లో నెల్లూరు చేరాడు.

ఆ సంఘం 1814లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. ఉత్తరాది, దక్షిణాది బాప్టిస్టులు ఇద్దరూ అందులో ఉన్నారు. బానిసల యజమానులూ చందాలిచ్చారు, బానిసత్వం పాపమన్నవాళ్లూ చందాలిచ్చారు. చాలా ఏళ్లు ఆ సంఘ పెద్దలు ఈ గొడవ మాది కాదు, మా పని సువార్త ప్రకటించడమే అని తప్పించుకున్నారు. 1844లో అలబామావాళ్లు సూటిగా అడిగారు. బానిసలున్నవాణ్ణి మిషనరీగా తీసుకుంటారా, తీసుకోరా? ఇక తప్పించుకునే దారి లేదు. బానిసలను తన ఆస్తిగా ఉంచుకుంటానని పట్టుబట్టేవాణ్ణి నియమించలేమని బోస్టన్ పెద్దలు జవాబిచ్చారు. 1845లో దక్షిణాదివాళ్లు విడిపోయి వేరు సంఘం పెట్టుకున్నారు. దాంతో సగం దేశం చందాలు పోయాయి. మిగిలిన ఉత్తరాది సంఘం చేతిలోనే మన తెలుగు మిషన్ ఉండిపోయింది.

వాళ్ల ఆ నిర్ణయాన్ని నేను మరీ ఎక్కువ మెచ్చుకోను. మూలకు నెడితే తప్ప నోరు తెరవలేదు. కానీ తెరిచినప్పుడు సరైన మాటే చెప్పారు. ఒంగోలులో క్లౌకు కూడా సరిగ్గా ఇదే జరిగింది. అది చెప్పడానికే ఇంత వెనక్కి వెళ్లాను.

క్లౌ కుటుంబం రైతు కుటుంబం. ఆయన చిన్నప్పుడే పడమరకు, ముందు ఇల్లినాయ్‌కి, తరువాత అయోవాకు వలస పోయింది. ఆ భూములు ఖాళీగా పడి ఉన్నవి కావు. 1832లో బ్లాక్ హాక్ యుద్ధం చేసి ఆదివాసులను తరిమిన నేలలు. పదహారు, పదిహేడేళ్ల వయసులో క్లౌ మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందంలో చేరాడు. ఆ నేలను 1851 ఒప్పందాలతో డకోటా జనం దగ్గర తీసుకుని, గొలుసులతో కొలిచి, తెల్ల రైతులకు ముక్కలుగా పంచుతున్నారు. తన పని ఎవరి నేల మీద జరుగుతోందో ఆ పిల్లవాడికి పట్టి ఉంటుందని నేననుకోను. సర్వే మాత్రం బాగా నేర్చాడు. పాతికేళ్ల తరువాత ఆ విద్య ఒంగోలు పక్కన వేలమందికి అన్నం పెట్టింది.

1858లో కాలేజీ చదువులో ఉండగా బాప్టిస్టు అయ్యాడు. హ్యారియట్ సుందర్లాండ్‌ను పెళ్లాడాడు. అప్పటికి తెలుగు మిషన్ మూతపడే దశలో ఉంది. పాతికేళ్లు దాటినా చేరినవాళ్లు కొద్దిమందే. బోస్టన్ సమావేశాల్లో మూసేద్దామన్న మాట రెండు మూడుసార్లు వచ్చింది. లైమన్ జ్యూవెట్ అనే పాత మిషనరీ ఎవరూ పంపకపోయినా నేను తిరిగి వెళ్తానని మొండికేశాడు. ఆయనతో పాటు 1864 నవంబర్ 30న క్లౌ దంపతులు బోస్టన్‌లో ఓడెక్కారు. దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. వాళ్లు సముద్రం మీద ఉండగానే, 1865 జనవరి 31న, బానిసత్వాన్ని రద్దుచేసే 13వ సవరణకు అమెరికా ప్రతినిధుల సభ ఒప్పుకుంది. ఏప్రిల్లో నెల్లూరు చేరారు. లింకన్‌ను కాల్చి చంపింది కూడా ఆ నెలలోనే.

ఇప్పుడు యర్రగుంట్ల పేరయ్య దగ్గరికి రావాలి. మామూలుగా ఆయన్ని క్లౌ శిష్యుడిగా రాస్తారు. వరుస తిరగబడింది. పేరయ్య ఒంగోలుకు పడమటి పల్లెల మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. చదువు లేదు. కానీ యోగ గురువుల దగ్గర కూర్చుని, సాధన చేసి, తనవాళ్లకు తానే గురువైనవాడు. ఆ పల్లెల మాదిగల్లో అలాంటి గురు పరంపర ఉండేది. విగ్రహం వద్దని, దేవుడు ఒక్కడేనని, కులం లోపలి మనిషిని తాకలేదని చెప్పే బోధ అది. తోళ్ల బేరానికి ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఒక మిషనరీ మాట పేరయ్య చెవిన పడింది. ఇంటికొచ్చి భార్య నాగమ్మకు, బంధువులకు చెప్పాడు. 1866 మార్చిలో ఆ దంపతులు జ్యూవెట్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ కాపురం ఒంగోలుకు మారింది ఆ తరువాత, 1866 సెప్టెంబర్‌లో. అంటే దొర వచ్చి మాదిగలను వెతుక్కోలేదు. పేరయ్య ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

క్లౌకు మొదట్లో వేరే ఆశలుండేవి. ఒంగోలు బ్రాహ్మణులు, ఇతర అగ్రవర్ణాలవాళ్లు ఆయన్ని బాగానే చూశారు. తమ పిల్లలకు ఇంగ్లీషు చెప్పమన్నారు, వచ్చి మాటలు విన్నారు. పై కులాలు కదిలితే కింది కులాలు వాటంతటవే వస్తాయన్నది అప్పటి మిషనరీల లెక్క. సరిగ్గా అప్పుడే పేరయ్య తెచ్చిన మనుషులు పల్లెల నుంచి రావడం మొదలైంది. పట్టణం పెద్దలు సూటిగా చెప్పారు. వీళ్లను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లల్ని పంపము. ఎవరు కావాలో తేల్చుకోమన్నారు.

అలబామా ప్రశ్న, ఒంగోలు ప్రశ్న ఒకటే. అక్కడ యజమాని కావాలా, బానిస కావాలా అని అడిగారు. ఇక్కడ ఊరు కావాలా, వాడ కావాలా అని అడిగారు. ఇద్దర్నీ పక్కపక్కన ఉంచుకోవచ్చన్న భ్రమ రెండుచోట్లా కొంతకాలం నడిచి, రెండుచోట్లా తెగింది.

ఏం చేయాలో తోచక బైబిల్ తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, దేవుడు లోకంలో నీచులను, బలహీనులనే ఎన్నుకున్నాడన్న భాగం కంటపడిందని క్లౌ తరువాత చెప్పుకున్నాడు. అదే సమయంలో వేరే గదిలో ఆయన భార్య కూడా వేరే పుస్తకంలో అదే భాగం చదువుతోందట. భక్తులు దీన్ని అద్భుతంగా చెప్పుకుంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటి. గుమ్మంలో మాదిగలు లేకపోతే ఆ వాక్యం ఎన్నిసార్లు కంటపడినా పక్కకు పోయేదే. అంతకుముందు పాతికేళ్లు నెల్లూరులోనూ అదే పుస్తకం, అదే పేజీ ఉన్నాయి. అయినా క్లౌకు దక్కాల్సింది దక్కాలి. మూలకు నెట్టినప్పుడు ఆయన వాడ వైపు నిలబడ్డాడు. ఇంగ్లీషు చదువు కోసం వచ్చిన పై కులాల పిల్లలు వెళ్లిపోయారు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది, 8 మందితో. ఆ నెలలోనే పేరయ్య పిలిస్తే క్లౌ ఆయన పల్లెకు వెళ్లి, చెట్ల కింద డేరా వేసుకుని ఐదు రోజులున్నాడు. 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. ఆ తరువాత పని చేసింది పేరయ్య, ఆయనలాంటి బోధకులు. చుట్టరికాల వెంట, పెళ్లి సంబంధాల వెంట, తోళ్ల సంతల వెంట మాట పాకింది. తెల్లదొర ఒక పల్లెకు ఏడాదికోసారి వెళ్లడమే గొప్ప.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మామూలు మత నియమాల్లా ఉన్నాయి. ఊరి లెక్కలో చూస్తే అది సమ్మె. మాదిగ అంటే చెప్పులు కుట్టాలి, మోట తోళ్లు బాగుచేయాలి, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలి, జాతరకు డప్పు కొట్టాలి, కబురు మోయాలి. పిలిచినప్పుడు రావాలి. దానికి కళ్లం దగ్గర ఇచ్చే మేర గింజలే బతుకు. వారంలో ఒక రోజు నాది, ఆ రోజు నువ్వు పిలిచినా రాను అనడం ఆ పల్లెల్లో ఎవరూ విని ఎరగని మాట. కోతల కాలంలో అది రైతుకు నేరుగా దెబ్బ.

ఊరు తన పద్ధతిలో జవాబిచ్చింది. మేర ఆపారు. నీళ్లు తెచ్చుకునే చోటికి రానివ్వలేదు. కోమటి ఉప్పు, పప్పు అమ్మలేదు. చాకలి, మంగలి పని మానేశారు. కరణం, మునసబు కలిసి తప్పుడు కేసులు పెట్టించారు. డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నారు. వీటిని ఇప్పుడు సాంఘిక బహిష్కారం అంటున్నాం. కారంచేడు, చుండూరు పేర్లు తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. ఆ రెండూ ఒంగోలుకు పెద్ద దూరం కూడా కాదు.

డప్పు సంగతిలో నాకు క్లౌతో తగాదా ఉంది. గుడి ముందు వెట్టి డప్పు మానడం వేరు, డప్పే పాపమనడం వేరు. మిషనరీలు ఆ తేడా చూడలేదు. ఆ తోలు మీద మన చేతులు నేర్చిన వందల దరువులు పాపం కింద జమయ్యాయి. మళ్లీ ఆ డప్పును చంకకెత్తుకోవడానికి మాదిగలకు నూరేళ్లు పైనే పట్టింది.

1876లో వానలు మోసం చేశాయి. ధాత కరువు అని ముసలివాళ్లు చెప్పుకున్నది అదే. రెండేళ్లలో దక్షిణ భారతంలో 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ఆకలి అందర్నీ తాకింది గానీ అందర్నీ ఒకేలా తాకలేదు. గింజలు నిలవలేనివాళ్లు, భూమి లేనివాళ్లు ముందు రాలిపోయారు. రైతుకే పండనప్పుడు మాదిగకు మేర ఎక్కడిది? సర్కారు సహాయ పనులు పెట్టింది. అక్కడా రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలిని రోజుకు పౌను గింజల మీదికి కుదించాడు. పని మీద మేస్త్రీలంతా పై కులాలవాళ్లు. వాడ నుంచి వచ్చినవాళ్లకు పనిలోనూ తిట్లు, కూలిలోనూ కోత.

క్లౌ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇక్కడుంది. మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ పేరు పెట్టిన కాలువ తవ్వకం అప్పుడు ఒంగోలు దగ్గర జరుగుతోంది. అందులో మూడు మైళ్లకు పైగా ముక్కను క్లౌ తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిన్నెసోటాలో నేర్చిన కొలతలు ఇప్పుడు పనికొచ్చాయి. ఎంత లోతు, ఎన్ని ఘనపు గజాలు, ఎంత రేటు అన్నది ఎవరూ ఆయన్ని మోసం చేయలేకపోయారు. మేస్త్రీలుగా పెట్టుకున్నది తన బోధకులను, అంటే చాలావరకు మాదిగలను. గుడిసెలు వేయించాడు, బావులు తవ్వించాడు, కూలి లెక్క కట్టి చేతికిచ్చాడు. కబురు తెలిసి వందల మైళ్ల నుంచి జనం నడిచి వచ్చారు. తట్ట ఎత్తేవాడిదీ, లెక్క రాసేవాడిదీ ఒకే వాడ కావడం అక్కడ మొదటిసారి జరిగింది. సాయంత్రం పని దిగాక ఆ మేస్త్రీలే పక్కన కూర్చుని కష్టసుఖాలు అడిగి, తమ దేవుడి గురించి చెప్పేవారు. ఆ కాలువ గట్టు మీద ఏం జరిగిందో ఊహించడానికి పెద్ద భక్తి అక్కర్లేదు.

గింజల కోసం మారారన్న మాటకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. కరువు నడిచిన కాలంలో పదిహేను నెలల పాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడుగుతున్నా ఆపాడు. సాయం ఆగాక, ఇక మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కలిశారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. రెండో రోజు లెక్క ప్రపంచమంతా పాకింది. అంతమందికి ఒక్క రోజులో ఎలా సాధ్యమని అమెరికాలో అనుమానపడ్డారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ, పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆపి, మళ్లీ సాయంత్రం దాకా నీళ్లలో నిలబడ్డారు. ఆ ఆరుగురూ తెలుగువాళ్లు. క్లౌ ఒడ్డున ఉన్నాడు. ఆ రోజు ఆయన చేత్తో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పేర్లు, ఊర్లు, ఎవరెవరి మనుషులో చూసుకునే పని మాత్రం ఆయనది.

ఆ తరువాత లెక్కలు పెరుగుతూ పోయాయి. ఒంగోలు సంఘం ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘమని పేరు పడింది. బడులు వచ్చాయి. 1872లోనే రామాపట్నంలో బోధకుల బడి మొదలైంది. వాడలో పుట్టినవాడు పుస్తకం పట్టుకుని ఊరి మధ్య నుంచి నడవడం చాలా ఊళ్లకు కంటగింపైంది. ఇంకో చీలిక కూడా అప్పుడే పడింది. ఒంగోలు వైపు బాప్టిస్టు అంటే మాదిగ అయ్యాడు. గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ. రెండు మిషన్ల మధ్య గీత రెండు వాడల మధ్య గీతకు మరో పొర వేసింది. ఆ పొరను క్లౌ గానీ ఆయన తరువాతివాళ్లు గానీ తొలగించే ప్రయత్నం గట్టిగా చేసిన దాఖలా నాకు కనపడదు.

హ్యారియట్ 1893లో చనిపోయింది. తరువాత క్లౌ పెళ్లి చేసుకున్న ఎమ్మా రౌషెన్‌బుష్‌ను గురించి మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ రాతల మీద స్విట్జర్లాండ్ బెర్న్‌లో డాక్టరేట్ చేసిన మనిషి ఆమె. ఒంగోలులో పేరయ్య తరం మాదిగ పెద్దలను కూర్చోబెట్టి వాళ్ల గురువుల కథలు, మాతంగి సంప్రదాయం, పాత రోజుల సంగతులు రాసుకుని 1899లో పుస్తకంగా తెచ్చింది. పేరులోనే చెప్పులు కుట్టే పని ఉంది ఆ పుస్తకానికి. దాని భాషలో తెల్లవాళ్ల గర్వం ఉంది, దానితో పాటు ఇంకెక్కడా దొరకని మన తాతల మాటలూ ఉన్నాయి. క్లౌ 1910 నవంబర్ 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో చనిపోయాడు. ఆయన చెప్పగా ఎమ్మా రాసిన ఆత్మకథ 1914లో అచ్చయింది.

క్లౌ చనిపోయిన నలభై ఏళ్లకు, 1950 ఆగస్టులో, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదని దాని మూడో పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కింద 1 శాతం మాత్రమే ఉంది. వాడ మారలేదు, శ్మశానం మారలేదు, ఊరు పిలిచే పిలుపు మారలేదు. కాగితం మీద మాత్రం కులం పోయింది. ఈ విషయం చూడమని 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. వెల్లంపల్లిలో నీళ్లలోకి దిగినవాళ్ల మునిమనవళ్లు ఎవరో ఆ కమిషన్ తేల్చాలట.

అందుకే మా వైపు వాడల్లో చాలామంది పిల్లలకు రెండు పేర్లు. ఆదివారం పాస్టరు పిలిచేది ఒకటి, బడి రిజిస్టర్లో ఉన్నది ఇంకొకటి. జూన్ వస్తే కుల ధ్రువపత్రం కోసం లైన్లో నిలబడిన పిల్లవాడికి తల్లి చెవిలో ఒకటికి రెండుసార్లు చెబుతుంది, ఏ పేరు చెప్పాలో, ఏది చెప్పకూడదో.